న్యాయమైన పోలిక

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదనగా, ఆ గ్రామస్థులు చదువును పంటతో సమానముగా కాపాడుకొనిరని అర్థము. తెలుగుదేశమున గ్రంథాలయములు వెలసిన తొలినాళ్లనుండియు వాని యుద్దేశము కాలక్షేపము మాత్రమే కాదు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు మొదలగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రములను గూడ తెలుగున అందింపబూనినది. 1914లో బెజవాడయందు గ్రంథాలయముల ప్రతినిధులు మహాసభ జరిపి ఒక సంఘముగా నేర్పడిరి. శాస్త్రము పండితుని గదిలో నిలిచిపోక రైతు యింటికిని, కూలివాని యింటికిని రావలెనన్నది ఆ పెద్దల సంకల్పము.

ఆ సంకల్పము నేడొక విధముగా నెరవేరినదనియే చెప్పవచ్చును. పఠనమందిరమున బల్లపైనున్న ఏ పత్రికను విప్పినను "పరిశోధనలో తేలినది" అను మాట కనబడుచునే యుండును. ఒకనాడు కాఫీ గుండెకు మేలని యుండును. మరియొకనాడు కీడని యుండును. ఒక వార్త ఒక బోధనాపద్ధతిని ఆకాశమున కెత్తును. మరియొకటి దానినే పాతాళమునకు ద్రొక్కును. అమాయకుడు రెండింటిని నమ్మును. విసిగినవాడు రెండింటిని త్రోసివేయును. ఈ రెండు మార్గములును చదువరికి తగినవి కావు. అతడు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ మాటను దేనితో పోల్చి చెప్పిరి? ఆ పోలిక న్యాయమైనదేనా? వ్యవసాయము, వైద్యము, ఆర్థికము, విద్య అను నాలుగు రంగములలోను మేలైన పరిశోధనలు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటచేతనే మేలైనవయినవి. ఆ కథ యెట్లు నడచినదో తెలిసికొనుటయే ఈ ప్రసంగమునకు విషయము.

పెద్దలు ఏనాడో 'కాకతాళీయ న్యాయ'మని యొక మాట చెప్పియుంచిరి. కాకి వచ్చి తాటిచెట్టుపై వాలెను. ఆ క్షణముననే పండు రాలెను. చూచినవాడు కాకి వాలుటచేతనే పండు రాలెననుకొనును. పండు ముగ్గి రాలుటకు సిద్ధముగా నుండెనని అతడెరుగడు. జ్వరముల సంగతియు నిట్టిదే. సామాన్యమైన పడిసెపు జ్వరము కొలది దినములలో తనంతట తానే తగ్గును. తగ్గుటకు ముందునాడు మింగిన మాత్రకో, కట్టిన తాయెత్తునకో ఆ యశస్సు దక్కును. క్రొత్త విత్తనము తెచ్చిన రైతు దానిని కాలువ మొదటనున్న మేలైన మడిలో చల్లి, పాత విత్తనమును చివరనున్న చౌడుమడిలో చల్లినచో, ఎక్కువ పండించినది విత్తనమో, నేలయో, నీరో చెప్పగలవాడెవడు? 'తరువాత జరిగినది' అనుట వేరు. 'దానివలన జరిగినది' అనుట వేరు. మొదటి మాట చెప్పుటకు కన్నులు చాలును. రెండవ మాట చెప్పుటకు న్యాయమైన పోలిక కావలెను.

అట్టి పోలికకు పేరుపొందిన తొలి యుదాహరణములలో నొకటి సముద్రముపై జరిగినది. ఆ కాలమున దూరప్రయాణములు చేయు నావికులను స్కర్వీ యను వ్యాధి పీడించుచుండెను. చిగుళ్లు వాచి నెత్తురు కారును, మానిన గాయములు తిరిగి పగులును, సత్తువ నశించును, తుదకు ప్రాణము పోవును. దానికి ఎవరికి తోచిన మందు వారు చెప్పుచుండిరి. 1747 మే నెలలో 'సాలిస్‌బరీ' యను ఇంగ్లీషు యుద్ధనౌకపై వైద్యుడుగా నుండిన జేమ్స్ లిండ్, వ్యాధి ఇంచుమించు ఒకే స్థితిలోనున్న 12 మంది నావికులను ఎన్నుకొనెను. వారినందరిని ఒక్కచోటనే ఉంచి, ఒకే విధమైన ఆహారము పెట్టించెను. పిమ్మట వారిని ఇద్దరేసి చొప్పున ఆరు జతలుగా విభజించి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క చికిత్స చేసెను. ఒక జతకు ఆపిలు పండ్ల పులిసిన రసము, ఒక జతకు గంధకామ్లము చేర్చిన ద్రావకము, ఒక జతకు వెనిగరు, ఒక జతకు సముద్రపు నీరు, ఒక జతకు వెల్లుల్లి, ఆవాలు మొదలైనవి నూరిన లేహ్యము ఇచ్చెను. మిగిలిన జతకు దినమునకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు చొప్పున ఇచ్చెను. ఆరు దినములకే పండ్లు అయిపోయినవి. కాని ఆ యారు దినములలోనే పండ్లు తినిన యిద్దరిలో ఒకడు తిరిగి పనిలో చేరగలిగెను. రెండవవాడు కోలుకొని మిగిలిన రోగులకు పరిచర్య చేయుటకు నియమింపబడెను. తక్కిన జతలలో ఆపిలు రసము త్రావినవారు కొంత నయము. ఇతరులు ఉన్నట్లే యుండిరి.

లిండ్ ఈ సంగతిని 1753లో గ్రంథముగా ప్రకటించెను. అయినను ఇంగ్లీషు నౌకాదళము నావికులకు నిమ్మరసము ఇచ్చుట నియమముగా గైకొన్నది 1795లో. లిండ్ అంతకు ముందటి యేడే కాలధర్మము నొందెను. పరీక్ష జరిగిననాటినుండి ఆచరణలోనికి వచ్చుటకు 48 సంవత్సరములు పట్టెను. ఈ ఆలస్యమునకు కొంత కారణము లిండ్ సలహాలోనే కలదు. పండ్లు నిలువయుండవు గనుక రసమును కాచి చిక్కబరచి ఉంచుకొనవచ్చునని అతడు వ్రాసెను. కాచుటలో దాని గుణము చాలవరకు నశించునని ఆనాటికి తెలియదు. ఆ గుణమునకు మూలము 'సి' విటమిను అని తెలిసినది 1930 ప్రాంతమున. నిమ్మలోను, ఉసిరికలోను ఉండునది అదియే. కారణము తెలియకమునుపే పోలిక నిజమును చూపగలదనియు, చూపిన నిజమును లోకము చేతబట్టుటకు మరల ఎంతో కాలము పట్టుననియు ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

అయినను లిండ్ పద్ధతియందు ఒక లోపము కలదు. ఎవరికి ఏ మందు ఇయ్యవలెనో అతడే నిర్ణయించెను. వైద్యుడు ఎంత ధర్మాత్ముడైనను, క్రొత్త మందుపై ఆశ గలవాడు దానిని తనకు తెలియకుండనే బ్రదుకు ఆశ ఎక్కువగా నున్న రోగికే ఇచ్చును. అప్పుడు రోగి కోలుకొన్నది మందువలననా, మొదటినుండి బలముండుటవలననా? మంచి మడిలో మంచి విత్తనము చల్లిన రైతు చిక్కే ఇక్కడ వైద్యునికిని వచ్చినది.

ఈ చిక్కు విడిపోయినది పొలములోనే. ఇంగ్లండున రోథంస్టెడ్ అనుచోట 1843 నుండి వ్యవసాయ పరిశోధనలు జరుగుచున్నవి. 1919లో రొనాల్డ్ ఫిషర్ అను గణితవేత్త అచట ఉద్యోగమున చేరెను. ఒక పొలములోనే ఒకమూల సారము, ఒకమూల నిస్సారము. ఒకవైపు పల్లము, ఒకవైపు మెరక. ఏ ఎరువు మేలైనదో తేల్చుట యెట్లు? ఫిషర్ చెప్పిన యుపాయము వినుటకు చిన్నపిల్లల యాటవలె నుండును. పొలమును చిన్న చిన్న మడులుగా విభజింపుము. ఏ మడికి ఏ యెరువు వేయవలెనో మనిషి నిర్ణయింపరాదు, చీటి వేసి నిర్ణయింపవలెను. ఒకటి రెండు మడులతో సరిపెట్టక పెక్కు మడులలో వేయవలెను. చీటికి పక్షపాతము లేదు. సారమున్న మడులును, లేని మడులును రెండు పక్షములకును ఇంచుమించు సమముగా పంచబడును. మిగిలిపోవు చిన్న తేడా కాకతాళీయముగా ఎంతవరకు కలుగగలదో గణితముచేత లెక్కగట్టవచ్చును. అంతకు మించి తేడా కనబడినచో అది ఎరువు మహిమ యని నమ్మవచ్చును. ఈ పద్ధతిని అతడు 1925, 1935 సంవత్సరములలో వెలువడిన గ్రంథములయందు విశదపరచెను.

ఈ శాస్త్రమున తెలుగువారి పేరు ఒకటి లోకమంతటను నిలిచియున్నది. 1920లో జన్మించిన కలియంపూడి రాధాకృష్ణరావుగారు, లోకము సి. ఆర్. రావని పిలుచు మహనీయుడు, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున పట్టము పొంది, కలకత్తాలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన గణాంకశాస్త్ర సంస్థలో చేరిరి. పిమ్మట కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ వద్దనే పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందిరి. తక్కువ సమాచారమునుండి ఎంత నిశ్చయమైన మాట చెప్పవచ్చును, దానికి హద్దు ఎక్కడ అను ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానములు నేడు ప్రపంచమందలి గణాంక పాఠ్యగ్రంథములన్నింట నున్నవి. ఆయన 2023లో, తన నూటమూడవ యేట దివంగతులైరి.

పొలమున పుట్టిన చీటి ఆసుపత్రిలో ప్రవేశించినది క్షయరోగముతో. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ అను మందు కనుగొనబడెను. అప్పటివరకు క్షయకు విశ్రాంతియు, మంచిగాలియు, బలమైన ఆహారమును తప్ప నమ్మదగిన ఔషధము లేదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇంగ్లండునకు చేరిన మందు అతిస్వల్పము, అందరికిని ఇయ్యజాలరు. అప్పుడు ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను గణాంకవేత్త సలహాపై, ఏ రోగికి మందు, ఏ రోగికి విశ్రాంతి మాత్రమే అను సంగతిని ముందుగానే చీటి పద్ధతిని నిర్ణయించి, మూసిన కవరులలో ఉంచిరి. రోగిని చేర్చుకొనువరకు కవరు విప్పరాదు. మొత్తము 107 మంది రోగులు. వారిలో 55 మందికి మందును విశ్రాంతియు, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలలో మందు పొందినవారిలో నలుగురును, పొందనివారిలో 14 మందియు మరణించిరి. 1948లో ఈ ఫలితము ప్రకటితమయ్యెను.

ఇక్కడ సహృదయుడైన చదువరి మనస్సు కలుక్కుమనును. ఆ 52 మందికి మందు ఇయ్యకుండుట ధర్మమేనా? ఈ ప్రశ్నను దాటవేయరాదు. మందు అందరికిని లేనప్పుడు ఎవరో కొందరికే దక్కును. ధనవంతునికో, పలుకుబడి గలవానికో దక్కుటకంటె చీటి నిర్ణయించుట అన్యాయము కాదు. అంతేకాక, ఆ మందు నిజముగా మేలు చేయునో, కీడు చేయునో ఆనాటికి ఎవరును ఎరుగరు. ఆ పరిశోధనయే మరియొక సంగతిని గూడ బయటపెట్టినది: స్ట్రెప్టోమైసిన్ ఒక్కదానినే వాడినచో కొంతకాలమునకు క్రిములు దానికి లొంగకుండపోవును. ఈ యెరుకవలననే క్షయకు ఒకటికి మించిన మందులను కలిపి ఇయ్యవలెనను నియమము స్థిరపడినది. పోలిక లేకుండ మందును అందరికిని పంచియుండినచో, ఎంతమంది బ్రదికిరో, ఎందుచేత కొందరు తిరిగి జబ్బుపడిరో తెలియక చీకటిలో తడుముకొనవలసివచ్చెడిది. అయితే ఒక మాట: నిశ్చయముగా మేలు చేయునని తెలిసిన మందు సమృద్ధిగా దొరకుచుండగా, పోలిక పేరిట దానిని రోగికి నిరాకరించుట మాత్రము ఎన్నటికిని ధర్మము కాదు.

క్షయ చరిత్రలో తరువాతి ఘట్టము దక్షిణదేశమునకు సంబంధించినది. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము పేరు వినని పెద్దలు ఈ ప్రాంతములందు అరుదు. అట్టి శానిటోరియములలో చోటు దొరకుట ఒక భాగ్యముగా నుండెడిది. ఉన్న మంచములు కొన్ని, రోగులు లక్షలు. ఐసోనియాజిడ్ మొదలైన మాత్రలు వచ్చిన పిమ్మట, రోగిని ఇంటియొద్దనే ఉంచి మందులిచ్చిన నయము కాదా యను ఆలోచన పుట్టినది. ఇరుకు ఇండ్లు, చాలీచాలని తిండి, ఒక్కగదిలో పదిమంది. అట్టిచోట రోగి బాగుపడుననియు, ఇంటివారికి రోగమంటదనియు నమ్మువారు తక్కువ. 1956లో మద్రాసునందు క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము నెలకొల్పి, భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంగ్లండు వైద్య పరిశోధన మండలి కలిసి ఈ ప్రశ్నను చీటికి అప్పగించిరి. నగరములోని పేద రోగులను 193 మందిని తీసికొని, కొందరిని శానిటోరియమునకు పంపిరి. కొందరిని ఇంటియొద్దనే ఉంచిరి. మందులు ఇరువురికిని ఒకటే.

1959లో ఫలితము వెలువడెను. సంవత్సరాంతమునకు శానిటోరియమున నూటికి 92 మందిలోను, ఇంటియొద్ద నూటికి 86 మందిలోను రోగము అణగిపోయెను. శానిటోరియమువారు బరువు ఎక్కువ పెరిగిరి. కాని రోగము తగ్గుటలో తేడా స్వల్పమే. తరువాతి యేండ్లలో ఆ స్వల్పభేదము గూడ నిలువలేదు. ఇంటిలోనివారికి రోగమంటుట ఇంటియొద్ద చికిత్స పొందినవారి కుటుంబములలో అధికముగా లేదు. అంటవలసిన హాని చాలవరకు చికిత్స ఆరంభము కాకమునుపే జరిగిపోవుచున్నదని తేలినది. ఈ ఫలితము ఆధారముగా 1962లో ఆరంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమమున ఇంటియొద్ద చికిత్సయే ప్రధానమయ్యెను. తల్లి బిడ్డలను విడిచి నెలల తరబడి దూరమున పడియుండవలసిన పని తప్పినది. కూలివాడు మంచము కొరకు కాచుకొని యుండగా ప్రాణము పోవు దుస్థితి తప్పినది. 193 మంది పాల్గొన్న ఒక పోలిక లక్షలాది కుటుంబముల గతిని మార్చెను.

అయితే ఈ ఫలితమును చదివి "తిండితో పనిలేదు" అని తేల్చుట పొరపాటు. మద్రాసు పరిశోధన అడిగినది ఒక ప్రశ్న మాత్రమే: మందులు సరిగా వాడువానికి శానిటోరియము అవసరమా? రోగము రాకుండుటకు తిండి అవసరమా యన్నది వేరు ప్రశ్న. దానికి జార్ఖండు రాష్ట్రమున జరిగి 2023లో ప్రకటితమైన పరిశోధన సమాధానమిచ్చినది. క్షయరోగుల ఇంటివారిలో కొందరికి చీటి పద్ధతిని నెలనెల బియ్యము, పప్పు మొదలైనవి ఇచ్చి, ఇయ్యని కుటుంబములతో పోల్చిరి. తిండి అందిన కుటుంబములలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి 39 వంతులు తగ్గెను. ప్రశ్న యేదో తెలియక జవాబు చదువుట ప్రమాదకరమనుటకు ఈ రెండు పరిశోధనలును తార్కాణము.

కోరిన జవాబే వచ్చునని నమ్మువాడు చీటి వేయనక్కరలేదు. 1968లో మద్రాసు సమీపమున చెంగల్పట్టు జిల్లాయందు క్షయను నిరోధించు బి.సి.జి. టీకాను రెండు లక్షలకు పైగా జనులలో పరీక్షింపనారంభించిరి. కొందరికి టీకా మందు, కొందరికి మందులేని సూది. ఎవరికేది పడినదో గుర్తుల పుస్తకమునకే తెలియును. పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను టీకా ఆపలేదని ఫలితము వచ్చినది. పదునైదేండ్లు గమనించిన పిమ్మట 1999లో ప్రకటితమైన లెక్కయు ఆ మాటనే స్థిరపరచినది. పరిశోధకులకు ఇది ఎంత నిరుత్సాహకరమో ఊహించుకొనవచ్చును. అయినను దాచక ప్రకటించిరి. పసిపిల్లలకు వచ్చు తీవ్రమైన క్షయలనుండి టీకా రక్షించును గనుక శిశువులకు నేటికిని వేయుచున్నారు. పెద్దల క్షయకు మాత్రము వేరు మార్గములు వెదకుచున్నారు. ప్రతికూల ఫలితమును ప్రకటించుటయే శాస్త్రమునకు శీలము.

ఇంతవరకు పొలము, ఆసుపత్రి. మనుష్యుల బీదరికమును, పిల్లల చదువును ఇట్లు పరీక్షింపవచ్చునా? వీలగునని నిరూపించినందులకు 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రెమర్ అను మువ్వురు ఆర్థికశాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము వచ్చినది. వీరిలో మొదటి యిరువురు మరి కొందరితో కలిసి చేసిన యొక పరిశోధన హైదరాబాదు నగరమున జరిగినది. మహిళా బృందములకు పూచీ ఆస్తి లేకుండ ఇచ్చు చిన్న ఋణములు బీదరికమును రూపుమాపునని ఆ కాలమున గొప్ప ప్రచారము. పరిశోధకులు 104 బస్తీలను తీసికొని, చీటి ద్వారా 52 బస్తీలలో ముందుగా ఋణములు లభించునట్లు ఏర్పాటు చేసిరి. ఏడాది గడచిన పిమ్మట ఒకసారియు, మరి రెండేండ్లకు ఇంకొకసారియు ఇల్లిల్లు తిరిగి లెక్కలు సేకరించిరి. అంతకుముందే చిన్న వ్యాపారము గలవారు దానిని కొంత పెంచుకొనిరి. ఇంటికి పనికివచ్చు మన్నికైన వస్తువులు కొనుట పెరిగినది. పొగాకు, టీ వంటి వానిపై ఖర్చు కొంత తగ్గినది. కాని కుటుంబముల నెలసరి వినియోగము సగటున పెరుగలేదు. ఆరోగ్యము, పిల్లల చదువు, స్త్రీల స్వాతంత్ర్యము అను విషయములలో స్పష్టమైన మార్పు కనబడలేదు. ఋణము కొందరికి పనిముట్టు. అందరికిని సంజీవి కాదు. 2015లో ముద్రితమైన ఈ ఫలితము ప్రచారము చేయువారికి రుచింపకపోవచ్చును. అప్పు పత్రముపై సంతకము చేయబోవు గృహిణికి మాత్రము తప్పక తెలియవలసినది.

చదువు సంగతి ప్రతి యింటికిని సంబంధించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005 తరువాత అయిదు జిల్లాల పల్లెలలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలయందు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పరిశోధకులు చేసిన ప్రయోగములు లోకమున పేరుపొందినవి. వానిలో మూడు సంగతులు చాలును.

మొదటిది ఉపాధ్యాయుల బోనసు. పిల్లల మార్కులు పెరిగినకొలది ఉపాధ్యాయులకు కొంత బోనసు ఇచ్చు పాఠశాలలను చీటితో ఎన్నుకొనిరి. సగటు బోనసు ఏటి జీతములో నూటికి మూడు వంతులే. రెండేండ్లకు ఆ పాఠశాలల పిల్లలు ఇతర పాఠశాలల పిల్లలను మించిరి. నూర్గురు పిల్లలను మార్కుల క్రమమున క్రిందినుండి నిలిపినచో, నడుమ 50వ స్థానమున నుండు బాలుడు గణితమున సుమారు 60వ స్థానమునకును, భాషయందు సుమారు 57వ స్థానమునకును చేరినట్లు చెప్పవచ్చును. బోనసుతో సంబంధము లేని విజ్ఞాన, సాంఘిక విషయములలో గూడ వారు వెనుకబడలేదు. పైగా ముందడుగు వేసిరి.

రెండవది పాఠశాలకు ఇచ్చు గ్రాంటు. పుస్తకములు, పలకలు, పెన్సిళ్లు కొనుటకై ధనము ఇచ్చిరి. మొదటి యేడు అది అనుకోకుండ వచ్చినది. పిల్లల మార్కులు పెరిగినవి. రెండవ యేడు వచ్చునని ముందే తెలిసినది; తలిదండ్రులు తాము కొనవలసిన వస్తువులు కొనుట తగ్గించుకొనిరి; మార్కులలో పెరుగుదల కనబడలేదు. బీదకుటుంబము మిగిలిన నాలుగు రూకలను మరియొక అవసరమునకు వాడుకొనుట తప్పు కాదు. కాని ఒక చేతితో పోసినది మరియొక చేతినుండి తగ్గుచున్నదని తెలియకున్నచో, ప్రభుత్వము తన గ్రాంటు ఫలితమును తప్పుగా లెక్కగట్టును.

మూడవది ప్రతి రచ్చబండపై జరుగు వాదము: పిల్లవానిని ప్రభుత్వ పాఠశాలకు పంపవలెనా, ప్రైవేటు పాఠశాలకా? ప్రైవేటు పాఠశాలల పిల్లలకు మార్కులు ఎక్కువ వచ్చుట నిజమే. కాని అచట చేరువారి తలిదండ్రులు కొంత చదువుకొన్నవారు, కొంత కలిగినవారు. మేలైన మడి కథయే ఇదియు. 2008లో 180 గ్రామములను తీసికొని, కొన్ని గ్రామములందు కోరిన కుటుంబములకు లాటరీ వేసి, గెలిచిన పిల్లలకు ప్రైవేటు పాఠశాల ఫీజు చెల్లించిరి. నాలుగేండ్ల పిమ్మట గెలిచినవారిని, ఓడినవారిని పోల్చిరి. తెలుగునందును గణితమునందును తేడా లేదు. హిందీయందు మాత్రము గెలిచినవారు బాగుగా ముందుండిరి. ప్రైవేటు పాఠశాలలు దానికి సమయము కేటాయించుచుండుటయే కారణము. అయితే ప్రైవేటు పాఠశాలలు తెలుగునకు, గణితమునకు తక్కువ కాలము వినియోగించియు ఆ మార్కులే తెచ్చినవి. ఒక్కొక్క పిల్లవానిపై అవి చేయు ఖర్చు ప్రభుత్వపు ఖర్చులో మూడవవంతుకంటె తక్కువ. కనుక ఇరుపక్షములవారును ఈ ఫలితములో సగమే చదివి జయఘంట మ్రోగింపరాదు. ఫీజు కొరకు గొడ్డును అమ్ముకొనబోవు తండ్రి మాత్రము మొత్తము చదువవలెను.

చీటి అన్నింటికిని పనికివచ్చునా? రాదు. కొందరిచేత ఇరువదియేండ్లు పొగత్రాగించి ఎవరు చత్తురో చూచుట ఘోరము. అందుచేత 1951 మొదలు ఇంగ్లండున రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ వేలకొలది వైద్యుల అలవాట్లను అడిగి వ్రాసికొని, వారి జీవితములను గమనించుట ఆరంభించిరి. ఆ గమనము 2001 వరకు, ఏబదియేండ్లు సాగినది. జీవితాంతము సిగరెట్లు త్రాగినవారు సగటున పదేండ్ల ఆయువు కోల్పోయిరని తేలెను. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో ఎముకలు బిగుసుకొనిపోవు వ్యాధికి త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని వైద్యులు 1937లో ప్రకటించినది గూడ చీటి వేసి కాదు. వ్యాధిని, నీటిని ఓపికతో పరిశీలించియే. నల్లగొండ పేరు ఆ నీటిని శుభ్రపరచు ఒక పద్ధతికే పేరైనది. చీటి లేనిచోట పోలిక మరింత శ్రమతో చేయవలసియుండును, మానవలసినది కాదు.

మరియొక హద్దు గూడ కలదు. పరిశోధన చెప్పునది సగటు మాట. సగటున ఫలితమియ్యనిది ఒకరికి ఈయవచ్చును. సగటున మేలైనది ఒకరికి పడకపోవచ్చును. ఒక దేశమున, ఒక కాలమున తేలినది మరియొకచోట అట్లే యుండునన్న నియమము లేదు. కావున పరిశోధన వైద్యునికి, ఉపాధ్యాయునికి, తండ్రికి సలహాదారు. వారి వివేకమునకు బదులు కాదు.

పత్రికలో "పరిశోధనలో తేలినది" అను మాట కనబడినప్పుడు చదువరి అయిదు ప్రశ్నలు అడుగవచ్చును. దేనితో పోల్చిరి? రెండు పక్షములను విభజించినది మనిషియా, చీటియా? ఎంతమందిని, ఎంతకాలము చూచిరి? ఎచ్చట చూచిరి, ఇచ్చటి స్థితిగతులు అట్లే యున్నవా? ఫలితము ప్రతికూలమైనను ప్రకటించుటకు వారు సిద్ధపడిరా, లేక అమ్మదలచిన సరకునకు ఇది ప్రకటనయా? ఈ ప్రశ్నలకు కళాశాల చదువు అక్కరలేదు. విత్తనపు దుకాణమున ఒక రైతు వేయు ప్రశ్నలు ఇంచుమించు ఇట్టివే.

ఓడలో తెలిసిన నిమ్మపండు సంగతి తీరమున ఆచరణమునకు వచ్చుటకు 48 సంవత్సరములు పట్టినది. ఆ మధ్యకాలమున స్కర్వీచేత మరణించిన నావికులకు ఆ ఫలితము తెలియదు, తెలిపినవారు లేరు. పరిశోధన జరుగుటకును, దాని ఫలితము ఇంటింటికి చేరుటకును నడుమనున్న కాలమును తగ్గించుటయే గ్రంథాలయము చేయగల మహోపకారము. రాబోవు ఇరువదియైదు సంవత్సరములలో ఈ పఠనమందిరమున నవలల చెంతనే ఆరోగ్యము, వ్యవసాయము, విద్యలకు సంబంధించిన ఫలితములను సంవత్సరముతోను, స్థలముతోను వ్రాసియుంచు ఒక పుస్తకము వెలయుగాక. దానిని చదివి వినిపించుటకు వారమునకు ఒక సాయంకాలము, చదువురానివారు గూడ వచ్చి వినుటకు ఒక చాప, సందేహమడుగుటకు అందరికిని హక్కు ఉండుగాక. అప్పుడు ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవమున చెప్పుకొనదగిన సంగతులు ఈ ఊరి ఇండ్లలోనే దొరకును.